బోరు వద్దన్నందుకు "నీకు విశ్వాసం లేదు" అంటున్నరు. ఇంతకీ విశ్వాసం అంటే ఏంది?

రూతమ్మ_దేవరకొండ

జర ఓపికతోని చదివి చెప్పండి. మాది దేవరకొండ దిక్కు చెలక భూమి. పత్తి, కంది ఏస్తం, కొంత జాగల బత్తాయి పెట్టినం. చెట్లు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నయి. ఇంతకుముందు వేసిన బోర్లల్ల ఒకటి ఉత్త దుమ్ము లేపింది. ఇంకోటి మొదట్ల మంచిగనే పోసింది, ఇప్పుడు ఎండకాలం రాంగనే ఆగి ఆగి పోస్తున్నది. వాటి అప్పులే ఇంకా తీరలే.

మొన్న మా ఊర్ల మూడు రాత్రులు కూటాలు పెట్టిన్రు. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు బైబిలుల ఆదికాండం 26 తీసి ఇస్సాకు బావుల గురించి చెప్పిండు. కరువుల ఇస్సాకు విత్తనం ఏస్తే నూరంతలు పండింది, నువ్వు కూడ విశ్వాసంతోని అడుగెయ్యి, నీ చేన్ల నీళ్ళు పడతయి అని మా ఆయన తలమీద చెయ్యి పెట్టి చెప్పిండు. అప్పటిసంది ఈయనకు నిద్ర లేదు. నా పుస్తెలతాడు కుదువబెట్టి రిగ్గు బండి పిలుస్త అంటున్నడు. నేను వద్దన్న, ఈ వానకాలం చూద్దాం అన్న. "నీకు విశ్వాసం లేదు. నీ అవిశ్వాసం వల్లనే ముందటి బోరు కూడ ఫెయిలయింది" అన్నడు. సంఘంల కొందరు అక్కలు కూడ అదే మాట అన్నరు.

చిన్నప్పటిసంది ప్రార్థన చేసుకునేదాన్ని. దేవుడు చెయ్యలేడని నేను ఎన్నడూ అనలే. మరి నాకు లేంది ఏంది? విశ్వాసం అంటే నీళ్ళు పడతయని గట్టిగ అనుకునుడేనా? దేవుని మీద ఆధారపడుడు అంటే అప్పు జేసి దుంకుడేనా?

బత్తాయి_తోట

పుస్తెలతాడు ఇయ్యకక్కా. ముందుగాల ఆ ఒక్క మాట. మిగతా చర్చ తర్వాత.

సువార్త_గద్వాల

అందరు ఆ అన్నను తప్పుపట్టకముందే నా మాట చెప్తున్న. "విశ్వాసములేకుండ దేవునికి ఇష్టుడైయుండుట అసాధ్యము" అని హెబ్రీయులకు 11:6. పేతురు నీళ్ళమీద కాలు పెట్టిండు, మిగతోళ్ళు పడవల కూసున్నరు. మనం పేతురు మునిగిన సంగతే చెప్పుకుంటం గని, నడిచింది కూడ ఆయనొక్కడే కదా.

రెండో రాజులు 3వ అధ్యాయం చూడండి. నీళ్ళు లేక అల్లాడుతున్న రాజులను ఎలీషా ప్రవక్త నోట దేవుడు లోయ నిండ గోతులు తవ్వమన్నడు. గాలి లేదు, వాన లేదు. అయినా తవ్విన్రు, తెల్లారేసరికి నీళ్ళు నిండినయి. ముందు తవ్వుడు, తర్వాత నీళ్ళు. మా పొలంల కూడ నీళ్ళు లేవన్నరు. ఇంటిల్లిపాది ఉపవాసముండి పడమటి గెట్టు పక్కన బోరు ఏసినం. ఇయ్యాలటికీ ఆ మోటరు నడుస్తున్నది. నా కండ్లతోని చూసిన దాన్ని లేదని నేనెట్ల అంట? చెల్లె, నీ భర్తల దేవుడు అంటించిన మంటను నువ్వు ఆర్పొద్దు.

మాష్టారు_మర్రిగూడ

రూతమ్మా, ఆ ప్రసంగీకుడు తీసిన అధ్యాయమే మనం కూడ తీద్దాం. ఆదికాండం 26 మొదటినుంచి చదువుండ్రి, 12వ వచనం ఒక్కటే కాదు.

మొదటి వచనంల కరువు. రెండు, మూడు వచనాలల్ల దేవుడే ఇస్సాకుకు ప్రత్యక్షమై, ఐగుప్తుకు పోవద్దు, ఈ దేశంలనే ఉండు, నేను నీకు తోడుంట అన్నడు. ఆ మాట విని నిలబడ్డడు, నిలబడి విత్తిండు. ఇంగ బావుల సంగతి. 18వ వచనంల ఇస్సాకు మొదలు చేసింది కొత్త బావి కాదు. తండ్రి అబ్రాహాము నాటి బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిన్రు, వాటిని మళ్ళ తవ్వించిండు. ఆ తర్వాత లోయల తవ్వితే నీళ్ళు పడ్డయి, గెరారు కాపరులు మాయి అని కొట్లాడిన్రు. దానికి ఏశెకు అని పేరు పెట్టి విడిచిపోయిండు. ఇంకోటి శిత్నా, అదీ పోయింది. అక్కడికెళ్ళి జరిగి ఇంకోటి తవ్వితే ఎవరూ కొట్లాడలే, అది రహెబోతు. పడ్డ నీళ్ళు కూడ చేతిలకెళ్ళి పోతుంటే ఇస్సాకు భార్యను పట్టుకుని నీ అవిశ్వాసమే కారణం అన్నట్టు ఎక్కడా లేదు. రిబ్కా మెడల ఉన్నది కుదువబెట్టినట్టు కూడ లేదు.

గద్వాల తమ్ముడు చెప్పిన గోతుల సంగతి నిజమే. కాని ఆ మాట ఎలీషా ద్వారా ఆ రాజులకు, ఆ దినానికి వచ్చింది. మన అందరికి ఇచ్చిన మాటలు వేరే ఉన్నయి. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అన్నది ఉన్నది. ఏడు వందల ఫీట్ల కింద నీళ్ళిస్త అన్నది నాకు కనబడలే.

సువార్త_గద్వాల

అట్లయితే బైబిలుల ఉన్న వాగ్దానాలు ఎవరెవరియో వాళ్ళయే అంటరా మాష్టారు? మరి మనం రోజూ ఎందుకు చదువుతున్నం?

మాష్టారు_మర్రిగూడ

చదివేది ఆ దేవుడు ఎటువంటోడో తెలుసుకోనీకి తమ్ముడూ. ఇస్సాకును విడువనోడు నన్నూ విడువడు, అది నాది. ఇస్సాకు బావి ఇస్సాకుదే.

బత్తాయి_తోట

మాష్టారు ఇస్కూలు నుంచి రిటైరైన్రు గని క్లాసు మాత్రం ఆపలే. చెప్పండి, ఎనక బెంచీల మేమున్నం 🙂

ఎస్తేరు_నర్సు

నేను నల్లగొండలో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ బోరు మాట వస్తోంది కానీ ఇదే బోధ మా ఇంట్లో మందుల దగ్గర వచ్చింది. మా అమ్మకి షుగరు. ఒక స్వస్థత కూటంలో "నువ్వు బాగయ్యావు, ఇంక గోళీలు వేసుకుంటే దేవుణ్ణి అనుమానించినట్టే" అన్నారు. ఆ రాత్రే ఇంటికి వచ్చి గోళీల డబ్బా పెంటలో పారేసింది. నేను డ్యూటీల్లో ఉండి కొన్నాళ్ళు గమనించలేదు. గమనించేసరికి కాలి బొటనవేలు నల్లబడింది. వేలు తీసేశారు. ఆపరేషన్ అయి పడుకుని ఉన్న మనిషి దగ్గరికి వచ్చి ఆ కూటం వాళ్ళే ఏమన్నారో తెలుసా? "అమ్మా, మధ్యలో సందేహపడినట్టున్నావు" అన్నారు.

జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే చెప్పాడు. అంత మాట వచ్చాక కూడా యెషయా ప్రవక్త "అంజూరపు పండ్ల ముద్ద తీసుకుని ఆ పుండుకు కట్టండి" అన్నాడు (యెషయా 38:21). దేవుని మాట, పండ్ల ముద్ద రెండూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. మా అమ్మకి ఈ వచనం ఎవరూ చదివి వినిపించలేదు.

జడ్చర్ల_పాతసంఘం

ఎస్తేరు గారూ, మీరు చెప్పింది చదివి మనసు కష్టమైంది. మా పాలమూరు దిక్కు సువార్త తెచ్చిన మెన్నొనైటు బ్రదరెన్ మిషను వాళ్ళు వాక్యం ఒక చేత, వైద్యం ఒక చేత పట్టుకొని వచ్చిన్రు. డాక్టరు కాథరినా షెల్లెన్‌బర్గ్ అని ఒక దొరసానమ్మ 1907ల ఈ దేశం వచ్చింది. శంషాబాదు ఆసుపత్రిలనే చాన ఏండ్లు పనిచేసి 1945ల ఇక్కడనే కన్నుమూసింది. తర్వాత జడ్చర్లల పెద్ద ఆసుపత్రి కట్టిన్రు. మా నానమ్మ కాన్పులన్నీ మిషను ఆసుపత్రులల్లనే. ముందు ప్రార్థన, ఎంబడే సూది. ఆ రెండింటికి పడదని మాకు ఎవరూ నేర్పలే. ఇది నడుమల వచ్చిన బోధ.

తోమా_నకిరేకల్

నేను కొంచెం వేరే తీరుగ అడుగుత, కోపం చెయ్యకుండ్రి. మా అన్న ఆసుపత్రిల ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాసముంది. నేనూ ఉన్న. ఏ ఒక్కడూ సందేహపడలే. అన్న పోయిండు. సమాధి కాడ "దేవుని చిత్తం" అన్నరు. బాగైతే విశ్వాసం, పోతే చిత్తం. ఏది జరిగినా మాట సిద్ధంగ ఉన్నప్పుడు నమ్మినా నమ్మకున్నా తేడా ఏంది? నేను ఇంకా ఆదివారం పోతనే ఉన్న. అమ్మ కోసం పోతున్ననో, నా కోసం పోతున్ననో నాకే తెలుస్తలేదు.

మునుగోడు_మరియ

తోమా తమ్ముడు, నీకు జవాబు చెప్పేంత తెలివి నాకు లేదు. మా నాయిన సంగతి చెప్త. రూతమ్మ అక్కకు కూడ ఇదే నా జవాబు.

చిన్నప్పటిసంది తాగిన ఫ్లోరైడు నీళ్ళు మా నాయిన నడుం వంచినయి. మెడ తిరగకపోయేది. ఎవరన్న పిలిస్తే తల తిప్పుడు ఉండకపోయేది, కాళ్ళు జరుపుకుంట మనిషి మొత్తం తిరిగేటోడు. పాటప్పుడు అందరు చేతులెత్తితే ఆయనయి భుజాల కాడికే లేచేటియి. మా చర్చి గంట కొట్టేది ఆయననే. తాడు అందకపోతుండె. దాని కొసకు పాత పగ్గం ఒకటి ముడేసి, నడుం కాడికి వచ్చేటట్టు పెట్టుకున్నడు. ఆ పగ్గం ఆయన పట్టే జాగల నల్లగ మెరిసేది.

స్వస్థత కూటాలకు ఎన్నో తీస్కపోయినం. ఒక కాడ స్టేజి మీదికి పిలిచి "విశ్వాసంతోని నడుం నిలబెట్టు" అన్నరు. నిలబెట్టలేకపోయిండు. మైకుల అందరు వినంగ "ఈయనకు విశ్వాసం కొదవ" అని కిందికి తోలిన్రు. ఇంటికొచ్చి అమ్మ ఏడ్సుకుంట కూసుంది. నాయిన బువ్వ పెట్టమన్నడు, తిని పండుకున్నడు. ఆదివారం పొద్దుగాల మళ్ళ గంట మోగింది.

ఆయన ప్రార్థన ఎప్పటికీ ఒక్కటే తీరు, "దేవా, మా పోరగాండ్లకన్న మంచినీళ్ళియ్యి" అని. ప్రార్థన చేసి ఊకె కూసోలే. 1996ల నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డరు, గుర్తున్నదా? మా నీళ్ళ గోస దేశానికి తెల్వాలని నామినేషన్లు ఏసిన్రు. బ్యాలెట్టు పేపరు పుస్తకం లెక్క అచ్చెయ్యాల్సి వచ్చింది. ఆ జలసాధన మీటింగులకు నాయిన నడుం వంచుకొనే పోయేటోడు. ఇయ్యాల మా పిల్లలు కృష్ణా నీళ్ళు తాగుతున్నరు. ఆయన నడుం మాత్రం వంగినట్టే మట్టిల కలిసింది.

తమ్ముడూ, పౌలు అంతటోడు తనతోని తిరిగిన త్రోఫిము రోగి అయితే మిలేతుల విడిచి వచ్చిన అని రాసిండు (2 తిమోతి 4:20). ఎందుకు బాగుచెయ్యలే అన్నది రాయలే. త్రోఫిముకు విశ్వాసం తక్కువ అని కూడ రాయలే. మా నాయినకు అడిగింది దొరకలే. అడిగినోణ్ణి మాత్రం ఆయన విడువలే. విశ్వాసం అంటే నేను కండ్లతోని చూసింది అదొక్కటే.

బత్తాయి_తోట

మరియక్కా, ఇది మా ఇంట్ల గట్టిగ చదివి వినిపించిన.

హబక్కూకు_3_17

"అంజూరపు చెట్లు పూయకుండినను ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను... చేనిలోని పైరు పంటకు రాకపోయినను... నేను యెహోవాయందు ఆనందించెదను." రూతమ్మ గారూ, ఇది మీలాంటి రైతు ఇంటి ప్రార్థనే. బోరు పడితేనే ఆనందిస్తా అనలేదు ఆ ప్రవక్త.

జలం_శీను

నేను క్రైస్తవుణ్ణి కాదు. దోస్తు పంపిస్తే చదివిన. బోర్లకు జాగ చూసే సర్వే పని మీద ఈ జిల్లా చాన తిరిగిన, అందుకే రెండు మాటలు.

మన దిక్కు కింద ఉన్నది గ్రానైటు. ఇసుక నేలల లెక్క అంతటా నీళ్ళుండవు. మీద మెత్తవడ్డ పొరల కొంత, దాని కింద రాయి పగుళ్ళల్ల కొంత, అంతే. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. లోతుకు పోయినకొద్ది పగుళ్ళు బిగుసుకుంటయి. ఇంకో వంద ఫీట్లు, ఇంకో వంద అనుకుంట పోయినోళ్ళే నిండ మునుగుతున్నరు. ఫీటు ఫీటుకు పైసలు, కేసింగు పైపు లెక్క వేరే. పక్కోని బోరుల రెండించులు పోస్తున్నదని మన చేన్ల పడాలని లేదు. రాయిల కరెంటు పంపి, అది ఎంత అడ్డుకుంటున్నదో చూసే సర్వే ఉంటది. అదీ నూటికి నూరు చెప్పదు గని కొబ్బరికాయ కంటె, వేపపుల్ల కంటె నయం. నీళ్ళు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 కింద బోరుకు ముందే పర్మిషను తీసుకోవాలె, అది చానమంది తీసుకోరు.

అక్కా, ఆగి ఆగి పోసే బోరు ఉన్నదన్నరు కదా. కొత్తదానికి పెట్టే పైసలల్ల కొంతతోని దాని చుట్టు ఇంకుడు గుంత తీసి, రాళ్ళు, కంకర, ఇసుక పొరలు నింపి, వాన నీళ్ళు అటు మళ్ళియ్యండి. ఆ బోరు తిరిగి పట్టుకునే అవకాశం ఉంటది.

సువార్త_గద్వాల

శీనన్నా, ఉపవాస ప్రార్థనను కొబ్బరికాయతోని కలపొద్దు. మేము జాగ కనుక్కోనీకి ప్రార్థన చెయ్యలే, దేవుని ముఖం చూసినం.

జలం_శీను

కలపలే తమ్ముడు, తప్పుగ అనుకోకు. జాగ చూసే పద్ధతుల గురించే చెప్పిన. మీ ప్రార్థన జోలికి నేను రాను.

పుణె_మేస్త్రి_పాలమూరు

మాది మక్తల్ దిక్కు. పుణెల బిల్డింగు పని. మా నాయిన బొంబాయికి పోయిండు, నేను పుణెకు వచ్చిన. పాలమూరు లేబరు అంటే తెలియనిదెవరికి. పొద్దుగాల మస్టరు కాకముందు మా బ్యాచోళ్ళం ఇటుకల కుప్ప పక్కన నిలబడి ప్రార్థన చేసుకుంటం. ఎంబడే నడుముకు బెల్టు కట్టుకుంటం. కొత్తగ వచ్చిన పోరడు ఒకడు, దేవుడు కాపాడుతడు కదన్నా, బెల్టు ఎందుకు అన్నడు. వాణ్ణి ఆ పూట పైకి ఎక్కనియ్యలే. యేసుప్రభువును గుడి శిఖరం మీద నిలబెట్టి కిందికి దుంకు, దూతలు పట్టుకుంటరు అన్నది ఎవరు? సాతానే. వాక్యం చెప్పి మరీ దుంకమన్నడు వాడు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నడు ప్రభువు. దుంకలే.

హెబ్రోను_బిడ్డ

ఒక సంగతి ఎవరూ అనలేదు. విశ్వాస జీవితం అనగానే మనం జార్జి ముల్లర్ గారి పేరు చెప్తాం. బ్రిస్టల్‌లో అనాథ పిల్లలను వేల మందిని సాకాడు, ఏ మనిషినీ చెయ్యి చాచి అడగకుండా. ప్రసంగాల్లో ఇంతవరకే చెప్తారు. ఆయన అప్పు చేసేవాడు కాదు, పైసా పైసాకు లెక్క రాసి పెట్టేవాడు, ఆ సంగతి చెప్పరు. మన హైదరాబాదులో సువార్తికుడు బక్త్ సింగ్ గారు 1950లో హెబ్రోను సంఘం మొదలుపెట్టినప్పటి నుంచి పద్ధతి అదే. జీతం మాట లేదు, చందా అడగడం లేదు. దేవుడు పంపితే పని నడుస్తుంది, పంపకపోతే ప్రార్థనలో ఎదురుచూస్తారు. "ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దు" అని రోమా 13:8. మిత్తికి తెచ్చి, దానికి విశ్వాసం అని పేరు పెట్టి, తర్వాత దేవుడు తీర్చాలి అనడం మా పెద్దలు మాకు నేర్పలేదు.

సువార్త_గద్వాల

హెబ్రోను బ్రదరు చెప్పిన అప్పు మాట ఒప్పుకుంట. నేను కూడ అప్పు జేసి ఏయమని అనలే. కాని నా బాధ వేరే. సర్వే చూసి, లెక్క చూసి, బెల్టు కట్టి, అన్నీ సరిగున్నంకనే అడుగేస్తే మరి దేవునికి జాగ ఏడున్నది? అబ్రాహాము ఎక్కడికి పోవాల్నో తెల్వకనే బయలెల్లిండు. లెక్క చూసుకుంట కూసుంటే ఊరు దాటకపోవు. మా సంఘాలల్ల చదువు పెరిగినకొద్ది ప్రార్థన తగ్గుతున్నది. ఇది నేను నిజంగ భయపడి చెప్తున్న మాట.

మాష్టారు_మర్రిగూడ

ఆ భయం నాకూ ఉన్నది తమ్ముడూ, అది కొట్టిపారేసే మాట కాదు. అబ్రాహాము తెల్వకనే బయలెల్లిండు, నిజం. కాని పిలిచింది ఎవరో ఆయనకు తెలుసు. పిలుపు దేవునిదా, మనకు కావాల్సిందే మన చెవుల మోగుతున్నదా అని పరీక్షించుకునుడు అవిశ్వాసం కాదు. గోపురం కట్టెటోడు మొదలు కూసొని తగులుబడి లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే (లూకా 14:28). అది కూడ తనను వెంబడించే మాట చెప్పుకుంటనే అడిగిండు. లెక్క చూసినోడు సిలువ మొయ్యడని ఆయన అనుకోలే.

కల్వకుర్తి_అమ్మగారు

పాస్టరు అయ్యగారితో సంఘ పరిచర్యలో ఉన్నదాన్ని. రూతమ్మా, నాకు అందరికంటే ముందు నీ భర్త గుర్తొస్తున్నాడు. ఆయన ఆశపోతు కాదు. బోరు ఎండిన రైతుకు ఊర్లో తలెత్తుకోవడం ఎంత కష్టమో మా సంఘంలో చూస్తుంటాను. అప్పిచ్చినోడు టీ కొట్టు కాడ నలుగురి ముందు అడుగుతాడు. అలాంటి మనిషి తలమీద చెయ్యి పెట్టి "నీ చేనులో నీళ్ళు పడతాయి" అంటే ఆ మాటను ఆయన ఎలా విడుస్తాడు? ఆయనతో వాక్యం మీద వాదం పెట్టుకోకు. నీకు ఏం భయమేస్తుంది అని అడుగు. ఇద్దరూ ఆ భయాన్నే ప్రార్థనలో పెట్టండి.

ఇక "నీ అవిశ్వాసం వల్లనే" అన్న అక్కలకు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, ఎవరు పాపం చేశారు, వీడా, వీని కన్నవాళ్ళా అని అడిగారు. వీడూ కాదు, వీని కన్నవాళ్ళూ కాదు అన్నాడు ప్రభువు. యోబు కష్టాల్లో ఉంటే ఆయన స్నేహితులు మొదట ఏడు రోజులు ఏం మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే దేవునికి కోపం వచ్చింది.

ఇంకొకటి. 1876-78 కరువులో ఒంగోలు దిక్కు క్లౌ దొర అనే మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఒప్పుకుని జనానికి కూలి దొరికేట్టు చేశాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది వచ్చినా, సాయం నడుస్తున్నన్నాళ్ళు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన పెద్దల్లో చాలామంది ఏమీ దొరకదని తెలిసి నీళ్ళలో దిగినవాళ్ళు. ఇప్పుడు మనం బోరుకీ, ఉద్యోగానికీ, వీసాకీ విశ్వాసాన్ని ముడిపెడుతుంటే నాకు దుఃఖంగా ఉంది.

తోమా_నకిరేకల్

అమ్మగారూ, మరియక్కా, చదివిన. ఇప్పుడేం చెప్పలేను.

మునుగోడు_మరియ

చెప్పనక్కర లేదు తమ్ముడూ. మార్కు 9ల దయ్యం పట్టిన పిలగాని తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నడు. ప్రభువు ఆయన్ని ముందు పూర్తిగ నమ్మి రాపో అనలే. పిలగాణ్ణి ముట్టుకొని లేపిండు. నువ్వు మీ అమ్మ కోసం పోయినా సరే, పో.

రూతమ్మ_దేవరకొండ

నిన్న రాత్రి బువ్వ తిన్నంక ఫోను ఆయన చేతుల పెట్టిన. మొదట వద్దన్నడు. మరియక్క నాయిన సంగతి కాడ ఆగి, మళ్ళ మొదటికెళ్ళి చదివిండు. ఆయనయి రెండు ప్రశ్నలు, ఆయన అన్నట్టే రాస్తున్న.

ఒకటి గద్వాల అన్నకు. మీరు పడమటి గెట్టు కాడ ఏసిన బోరు దుమ్ము లేపి ఉంటే అప్పుడు మీరు ఏమనేటోళ్ళు?

ఇంకోటి, ఆ ప్రసంగీకునికి నీళ్ళు పడితే మొదటి పంట పైసలు ఇస్త అని మాటిచ్చిండట. అది నాకు ఇప్పుడే చెప్పిండు. మొక్కుబడి తప్పితే పాపమా అని భయపడుతున్నడు.

సువార్త_గద్వాల

అన్నా, ఈ ప్రశ్న మీద పొద్దటిసంది ఆలోచన చేస్తున్న. పడకపోతే ఏడ్చేటోణ్ణి. దేవుణ్ణి అడిగేటోణ్ణి, ఎందుకిట్ల చేస్తివని. విడిచేటోణ్ణి మాత్రం కాదు. మా ఇంటావిడను పట్టుకొని నీ వల్లనే అని కూడ అననన్నా. ఆమె నాతోని సమానంగ ఉపవాసమున్నది.

మాష్టారు_మర్రిగూడ

తమ్ముడూ, షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండంల ఏస్తనన్న రాజు ముందట ఇదే అన్నరు. మా దేవుడు రక్షింప సమర్థుడు, "ఒకవేళ ఆయన రక్షింపక పోయినను" నీ ప్రతిమకు మొక్కం అన్నరు (దానియేలు 3). నువ్వు పడిన బోరు కాడ చెప్పిన సాక్ష్యం కంటె ఇప్పుడు చెప్పింది నాకు పెద్ద సాక్ష్యం.

కల్వకుర్తి_అమ్మగారు

మొక్కుబడి సంగతి. దేవునికి మొక్కుకుంటే చెల్లించడానికి ఆలస్యం చేయకు అని బైబిల్లో ప్రసంగి గ్రంథం 5:4లో ఉంది, నిజమే. కానీ మీ ఆయన మాట ఇచ్చింది మనిషికి, అదీ కొత్త బోరులో నీళ్ళు పడితే. బోరే వేయకపోతే చెల్లించవలసిందేమీ లేదు. రేపు ఎప్పుడైనా పంట చేతికొచ్చి ఇవ్వాలనిపిస్తే "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అన్న వాక్యం ఉంది, సంతోషంగా మీ సంఘంలోనే ఇచ్చుకోండి. ఎవరైనా శాపం పేరు చెప్పి భయపెడితే మీ అయ్యగారికి చెప్పండి. ఆయన వెనకాడితే ఇక్కడ రాయండి, మేం మాట్లాడతాం.

బత్తాయి_తోట

అక్కా, చెట్లకు ఈ ఎండకాలం గడవాలె కదా. పాదుల నిండ ఎండుగడ్డి, పత్తికట్టె తుక్కు మందంగ పరువుండ్రి, తడి ఆగుతది. ఉన్న నీళ్ళు డ్రిప్పుతోని రాత్రిపూట ఇడువుండ్రి. చిన్న కాయలు ఉంటే ఈ సారికి రాల్చేయుండ్రి, చెట్టు బతికితే చాలు. మాదీ అట్లనే గట్టెక్కింది.

రూతమ్మ_దేవరకొండ

రిగ్గు బండికి అడ్వాన్సు ఇయ్యలే. ఈ వానకాలం దాక ఆగుత అన్నడు. ఆ తర్వాత సంగతి ఆయనా చెప్పలే, నేనూ అడగలే. నన్ను అన్న మాట గురించి ఇంకా ఏం మాట్లాడలే. పొద్దుగాల మాత్రం తనే పిలిచి ప్రార్థనకు కూసోబెట్టిండు. అప్పు ఇచ్చిన షావుకారి పేరు, మిత్తి ఎంత అన్నది కూడ ఏం దాచకుండ ప్రార్థనల చెప్పిండు. గా లెక్క నేను మొదటిసారి విన్న.

శీనన్నా, మా మామ నాటి మోటబావి ఒకటి ఉన్నది, సగం పూడి సర్కారు తుమ్మ మొలిచింది. మాష్టారు 18వ వచనం చెప్పినకాంచి ఆయన దాని చుట్టే తిరుగుతున్నడు. పూడిక తీస్తే ఏమన్న ఫాయిదా ఉంటదా?

జలం_శీను

ఉంటది అక్కా. నీళ్ళు ఊరకపోయినా వాన నీళ్ళు అందుల నిలిస్తే కింద పొరకు దిగుతయి, పక్క బోరుకు మేలు. కాకపోతే మనుషులు దిగకముందే ఒడ్డు చూడండి. రాతి కట్టు కదిలి ఉంటే పైనుంచే క్రేనుతోని తియ్యాలె. లోపలి గాలి కూడ చూసుకోవాలె. నీటి కుంట, ఇంకుడు గుంత ఉపాధి హామీల పెట్టొచ్చు, మీ పంచాయతీల అడగండి. సర్వేకు నల్లగొండ భూగర్భ జల శాఖ ఆఫీసుల దరఖాస్తు పెట్టండి, పాసుబుక్కు జిరాక్సు, ఆధారు జిరాక్సు తీస్కపోండి.

పుణె_మేస్త్రి_పాలమూరు

మా బ్యాచి పండుగకు ఊరికొస్తది. మోకులు, బకెట్లు మా కాడ ఉన్నయి. ఒడ్డు గట్టిగున్నదని శీనన్న చెప్తే మేం దిగుతం. బెల్టులతోనే.